పక్కచెక్కలు, చలపతి గారి చేప

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. చేప పడగానే పడవ ఆపకండి.

సింగపూర్‌లో చాంగీ వైపు జెట్టీ నుంచి అద్దె పడవ నడిపినన్నాళ్లూ ఈ ఒక్క మాట చెబుతూనే ఉన్నాను. జనం ఎక్కేటప్పుడు చెప్పాను, లైఫ్ జాకెట్లు తొడుక్కునేటప్పుడు చెప్పాను, ఎరలు నీళ్లలో పడ్డాక మళ్లీ చెప్పాను. అందరూ బుద్ధిగా తలూపేవారు. తీరా గాలపు కర్ర వంగిందో లేదో, "అంకుల్, స్టాప్ స్టాప్! ఆపండి!" అని పడవంతా ఒకటే గోల. నా గొంతు అక్కడే పోయింది. ఇప్పుడు నా పడవ కొత్తవాళ్ల చేతికి వెళ్లింది. వాళ్లు నేను చెబితే ఇక్కడివాళ్ల అలవాటుగా చివర ఒక 'లా' తగిలించి "ఓకే లా, అంకుల్" అంటారు కానీ వినరు. కనీసం రాసి పెడితే, ఎప్పుడో ప్రొపెల్లర్‌కి లైను చుట్టుకుని నడి నీళ్లలో దిక్కులు చూస్తున్నప్పుడైనా చదువుకుంటారని ఆశ.

నా పేరు సూర్యనారాయణ. ఇక్కడ అందరికీ సూరి అంకుల్‌ని. మాది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు. షిప్‌యార్డులో పనికి వచ్చాను. యార్డు లాంచీల మీద చెయ్యి తిరిగాక లైసెన్సు తెచ్చుకున్నాను. చివరికి కో అనే ఒక చైనీస్ పెద్దమనిషి పడవ మీద స్థిరపడ్డాను. ఏ ఏడాది ఏ పర్మిట్ వచ్చింది, జీతం ఎప్పుడు పెరిగింది అన్నవి ఎవరికి కావాలి? నాకే గుర్తు లేవు. గుర్తున్నవి వేరే ఉన్నాయి. అందులో మొదటిది చలపతి గారి సంగతి. ఆయన కోరింది ఒక్క చేప. తన చేత్తో తాను పైకి లాగిన చేప. దానికోసం ఆయన నా పడవ ఎన్నిసార్లు ఎక్కారో, ఆయన్ని ప్రాణంగా చూసుకునే మనుషులే దాన్ని ఎన్నిసార్లు చెడగొట్టారో చెప్పాలి. అయితే ముందు మేం చేపలకి వాడే పక్కచెక్క ఏమిటో తెలియకపోతే ఆయన కష్టం మీకు అర్థం కాదు.

చెక్క ఏం చేస్తుంది

ఎరని నీళ్లలో లాగుకుంటూ పడవ నెమ్మదిగా పోతుంటే చేప వెంటపడి కొరుకుతుంది. దీన్నే ట్రోలింగ్ అంటారు. చిక్కెక్కడంటే, ఎరలన్నీ పడవ వెనకే వస్తాయి. ఇంజను చప్పుడుకి బెదిరి చేప ముందే పక్కకి తప్పుకుంటుంది. పైగా నాలుగు లైన్లు వేస్తే నాలుగూ జడలా పెనవేసుకుంటాయి.

అందుకే ప్లేనర్ బోర్డు. నేను దాన్ని పక్కచెక్క అంటాను. మూరెడు చెక్క, ముందు అంచు ఒకవైపే ఏటవాలుగా కోసి ఉంటుంది, అందుకే ఎడమ చెక్కలు వేరు, కుడి చెక్కలు వేరు. ముందు ఎరని వెనక్కి వదిలి, తరవాత లైనుకి ఈ చెక్కని క్లిప్పుతో తగిలించి నీళ్లలో వేయాలి. పడవ లాగుతుంటే నీళ్లు ఆ ఏటవాలు అంచుని తోస్తాయి, చెక్క పడవకి దూరంగా పక్కకి నడుస్తుంది. దానితోపాటు ఎర కూడా ఇంజను చప్పుడు లేని చోటికి పోతుంది. ఎడమవైపు రెండు, కుడివైపు రెండు వేస్తే పడవ రెక్కలు చాపినట్టు ఉంటుంది. చేప పడితే చెక్క ఒక్కసారి వెనక్కి జారుతుంది. అదే గుర్తు.

గాలిపటానికి గాలి ఎలాగో చెక్కకి పడవ నడక అలాగ. పడవ ఆపారా, చెక్కలన్నీ ప్రాణం పోయినట్టు తేలిపోతాయి, లైన్లు వదులై ఒకదాని మీద ఒకటి పడతాయి, పడిన చేప గాలం విదిలించుకుని పోతుంది. కాబట్టి స్టీరింగ్ దగ్గర ఉన్నవాడు అక్కడే ఉండాలి, పడవ నడుస్తూనే ఉండాలి. ఉద్యోగం మొత్తం ఇంతే. ఇంతే అయినా చేయడం ఎంత కష్టమో నాకు ఆఖర్లో గానీ తెలియలేదు.

చెక్క పడవ దగ్గరికి వచ్చాక ఇంకో పని ఉంది. లైనుతోపాటు చెక్క కూడా కర్ర దాకా వస్తుంది కదా, ఒకరు కర్ర పట్టుకుని ఉంటే ఇంకొకరు బయటికి వంగి రెండు చేతులతో క్లిప్పు నొక్కి చెక్కని తీసేయాలి. ఆ తరవాతే చేపని లాగగలరు. ఈ రెండు చేతుల సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

వాటర్ ఈజ్ వాటర్

ఈ చెక్కలు మా కో గారి కెనడా సరుకు. కూతురిని చూడడానికి వెళ్లి, అక్కడ సరస్సుల్లో వీటితో చేపలు పట్టడం చూసి, సూట్‌కేసు నిండా వేసుకొచ్చాడు. మొదట తెచ్చినవి పెద్ద చెక్కలు, తాడు కట్టి లాగేవి. తరవాత తెచ్చినవి లైనుకే తగిలించే చిన్నవి.

"సార్, అక్కడ సరస్సు. ఇక్కడ టైడ్ ఉంది, ఉబిన్ దీవి పక్కన చేపల ఫారాల తాళ్లున్నాయి, ఫెర్రీ పడవలు అడ్డదిడ్డంగా తిరుగుతాయి. ఇరుకు సందు ఇది" అన్నాను.

"సూరీ, వాటర్ ఈజ్ వాటర్ లా. యూ డ్రైవ్ ఓన్లీ."

సరే, డ్రైవ్ చేశాను. అటు మూడు ఇటు మూడు చెక్కలు వేయించాడు. సగం జలసంధి మాదే అన్నట్టు పోతుంటే, ఉబిన్‌కి జనాన్ని దింపే చిన్న పడవ ఒకటి నింపాదిగా వచ్చి కుడివైపు లైన్లన్నీ తెంపుకుని పోయింది. దాన్ని నడిపేవాడు మాకు చెయ్యి కూడా ఊపాడు. నేను ఏమీ అనలేదు. అనకపోవడం నాకు ఎంత కష్టమో మా ఆవిడని అడగండి. కో గారు తెగిన లైన్లు చూసుకుంటూ కూర్చుని, మర్నాటి నుంచి అటు రెండు ఇటు రెండు చాలన్నాడు.

కో గురించి నా తీర్పు ఇది. ఎదురు చెబితే వినడు, నష్టపోతే మాత్రం వెంటనే నేర్చుకుంటాడు. కస్టమర్ల ముందు నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఒడ్డుకి వచ్చి పడవ కడిగేటప్పుడు తిట్టేవాడు. అలాంటి యజమాని దొరికితే వదులుకోవద్దు.

పడవకి ఈశాన్యం

మన తెలుగువాళ్ల బుకింగులు మొదలయ్యాక నా బీపీ కూడా మొదలైంది. చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేసే కుర్రాళ్లు శనాదివారాల్లో గుంపులుగా వచ్చేవారు. శనివారం నీచు తినని వాళ్లు కొందరు, చేప పడితే దండం పెట్టి వదిలేసేవారు కొందరు. అదంతా వాళ్లిష్టం, నాకేమీ పేచీ లేదు. పులిహోర డబ్బాలు పెట్టి ముందే సీట్లు ఆపుకునేవారు, ఇక్కడి భాషలో 'చోప్' చేసుకునేవారు, అదీ పర్లేదు. నాకూ కాస్త పులిహోర పెట్టేవారు.

ఒళ్లు మండించినవాడు వేరే ఒకడున్నాడు. తన గాలం ఈశాన్యం వైపే ఉండాలన్నాడు. పొద్దున్న వాళ్ల నాన్నగారు ఫోన్లో చెప్పారట.

"బాబూ, పడవకి ఈశాన్యం ఏంటయ్యా? ఇప్పుడు తిప్పుతాను, నైరుతి అయిపోద్ది" అన్నాను.

"లేదంకుల్, స్టార్టింగ్ డైరెక్షన్ లెక్క."

నేను స్టీరింగ్ దగ్గరుండగా వాడు తన ఎడమ చెక్కని తీసుకెళ్లి కుడివైపు వేశాడు. చెప్పాను కదా, ఏటవాలు కోత ఒకవైపే ఉంటుంది. ఎడమ చెక్కని కుడివైపు వేస్తే అది దూరంగా పోదు, పడవ కిందకే దూరుతుంది. దూరింది. ప్రొపెల్లర్ దాన్ని మూడు ముక్కలు చేసి లైనంతా చుట్టుకుంది. అటు చాంగీలో దిగే విమానాలు మా తల మీదుగా పోతున్నాయి, ఇటు అలలు మమ్మల్ని చేపల ఫారం మీదకి తోస్తున్నాయి, నేను పడవ వెనక తలకిందులుగా వేలాడుతూ కత్తితో లైను కోస్తున్నాను. వాడు పైనుంచి వంగి, "అంకుల్, రాహుకాలం అయిపోయాక చూద్దామా?" అన్నాడు. వాణ్ని నీళ్లలో తోసెయ్యకపోవడం నా జీవితంలో నేను చేసిన మంచిపనుల్లో ఒకటి.

ఆ రోజు నుంచి ఎడమ చెక్కలకి ఎర్ర రంగు, కుడి చెక్కలకి ఆకుపచ్చ రంగు వేశాను. పడవకి కూడా అటూ ఇటూ అవే రంగులు పూశాను. మీరూ చెయ్యండి. రంగుతో రంగు కలపమంటే చదువుకున్నవాళ్లకీ, చదువుకోనివాళ్లకీ, నాన్నగారికి ఫోన్ చేసేవాళ్లకీ అందరికీ అర్థమవుతుంది.

స్క్రీన్ చూసేవాళ్లు

కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్ల తప్పు ఇంకోటి ఉంది. జీపీఎస్ స్క్రీన్‌లో స్పీడు చూసి పడవ నడుపుతారు. నేనూ మొదట్లో అలాగే నడిపాను, చెక్కలు ఎందుకు సోమరిగా పడుంటున్నాయో తెలియక క్లిప్పులని తిట్టాను, ఎరలని తిట్టాను, కెనడాని కూడా తిట్టాను. అసలు సంగతేమిటంటే, స్క్రీన్ చూపించేది నేలతో పోలిస్తే ఎంత వేగమో. మీరు టైడ్‌తోపాటే పోతుంటే నీళ్లు కూడా మీతోపాటే వస్తుంటాయి. స్క్రీన్‌లో అంకె బాగానే ఉంటుంది, చెక్కకి మాత్రం తోపు ఉండదు. టైడ్‌కి ఎదురు పోతే అంకె చిన్నదిగా కనిపిస్తుంది, చెక్క మాత్రం తెగ గుంజుతుంది. కాబట్టి చెక్కని చూసి నడపండి. మలుపు తిప్పేటప్పుడు పెద్ద చుట్టు తిప్పండి. గబుక్కున తిప్పితే లోపలివైపు చెక్క ఆగిపోయి మునుగుతుంది. ఇది మీకు నేను కనీసం వందసార్లు చెప్పాను, అయినా మొన్న జెట్టీ మీంచి చూస్తే కారు యూటర్న్ తీసుకున్నట్టు తిప్పుతున్నారు.

చలపతి గారు

చలపతి గారు ఒక పెద్ద బ్యాంకు ఆఫీసులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి. ఇల్లు పాసిర్ రిస్‌లో. ఆయన కింద పనిచేసిన కుర్రాళ్లలో సగంమందిని ఈ దేశానికి రప్పించిందే ఆయన. ఉద్యోగాలు ఇప్పించారు, ఇళ్లు వెతికిపెట్టారు, పెళ్లిళ్లకి పెద్దరికం చేశారు. దాంతో వాళ్లకి ఆయనంటే మాటల్లో చెప్పలేనంత గౌరవం. ఆయన లేచి నిలబడితే వీళ్లు నలుగురు లేస్తారు.

రిటైరైన కొన్నాళ్లకి ఆయనకి స్ట్రోక్ వచ్చింది. కోలుకున్నారు కానీ ఎడమ చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఏదైనా దాని మీద ఆనించవచ్చు, గట్టిగా పట్టుకోలేరు. కుడి చెయ్యి బాగానే ఉంది. ఆయన్ని ఉల్లాసపరచాలని శిష్యులంతా కలిసి నా పడవ బుక్ చేశారు. వాళ్లలో పెద్దవాడు కిరణ్, వరంగల్ పిల్లాడు. బంగారం లాంటివాడు. నన్ను అందరికంటే విసిగించినవాడు కూడా వాడే.

ఆ రోజు అన్నిటికంటే బయటి చెక్క సార్‌కి ఇచ్చారు. చేప దొరికే అవకాశం దానికే ఎక్కువని నేనే చెప్పాను. ఆయన దాని వంక చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి చెక్క గుంజుకుని వెనక్కి జారింది.

"సార్, మీరు నిమ్మలంగ కూసోండ్రి. మేమున్నం గద" అని కిరణ్ కర్ర లాక్కున్నాడు. ఒకడు చెక్క తీశాడు, ఒకడు రీలు తిప్పాడు, ఒకడు వలేసి చేపని పైకి తెచ్చాడు. నిగనిగలాడే వంజరం. దాన్ని తీసుకొచ్చి చలపతి గారి ఒళ్లో పెట్టి, కర్ర ఆయన చేతికి ఆనించి ఫోటో తీశారు. వాట్సాప్‌లో "సార్ రాక్స్" అని పెట్టారట. ఆయన ఫోటోలో నవ్వారు. ఫోటో అయిపోగానే కర్రని పక్కన పెట్టేశారు.

దిగేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "సూరీ, ఈసారి నేనే లాగాలి. కుడి చేత్తో రీలు తిప్పగలను. కర్ర ఆ గొట్టంలోనే ఉంటుంది కదా" అన్నారు. కర్ర నిలబెట్టడానికి పడవ అంచుకి గొట్టాలుంటాయి, వాటి సంగతి.

"తప్పకుండా సార్. ఎవరినీ ముట్టుకోనివ్వను" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

మేమున్నం గద

తరవాతి ట్రిప్పులో పడవ కదలకముందే అందరికీ గట్టిగా చెప్పాను. సార్ కర్ర సార్‌దే, ఎవరూ చెయ్యి వేయొద్దు. అందరూ "ఓకే అంకుల్" అన్నారు. కిరణ్ అయితే తన చేతులు రెండూ పైకెత్తి చూపించాడు.

చేప పడింది. చలపతి గారు లేచారు, ఎడమ చెయ్యి కర్ర మీద ఆనించి కుడి చేత్తో రీలు తిప్పడం మొదలుపెట్టారు. నుదుటి మీద చెమట. బాగానే తిప్పుతున్నారు. చెక్క దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. ఇక దాన్ని తీయాలి. తీయడానికి రెండు చేతులు కావాలి, బయటికి వంగాలి. ఆయనకి అది కాని పని. కిరణ్ వంగి క్లిప్పు తీశాడు. అంతవరకు న్యాయమే. కానీ వంగినవాడు అక్కడితో ఆగితేనా? "సార్, ఒక్క నిమిషం పడతా, పెద్దగున్నట్టుంది" అని కర్ర పట్టుకున్నాడు. దాంతో మిగతావాళ్లంతా తమ గాలాలు వదిలేసి సాయానికి అటువైపే ఉరికారు. పడవ ఒక పక్కకి ఒరిగింది. చూసేవాళ్లు లేక అవతలి రెండు చెక్కలూ కలిసిపోయాయి.

"చెయ్యి తియ్యండ్రా! ఎవడి జాగాలో వాడు కూకోండి!" అని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. నా కాకినాడ ఉప్పుటేరు యాస అంతా బయటికొచ్చింది. ఒక్కడు వింటేనా.

చేప వచ్చింది. కిరణ్ మొహం వెలిగిపోతోంది. "సార్, మీ చేప!" అన్నాడు. చలపతి గారు దాన్ని చూడలేదు. సముద్రం వైపు చూస్తూ, "బాగుంది కిరణ్, థాంక్యూ" అన్నారు. వాడికి ఆయన గొంతులో తేడా తెలియలేదు. నాకు తెలిసింది. ఆ రోజు చిక్కు పడ్డ లైన్లు విప్పుతున్నంతసేపూ నాకు వాళ్ల మీద కోపం తగ్గలేదు.

వాళ్లంతా మంచులో పెట్టిన చేపలు చూసుకుంటుంటే ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"ఇంట్లో మా ఆవిడ అరుణ అన్నం కలిపి, చేపలో ముళ్లు తీసి పెడుతోందయ్యా. వద్దంటే బాధపడుతుంది. ఇక్కడికొస్తే వీళ్లు చేపనే లాగి పెడుతున్నారు. ఇక నేను చెయ్యడానికి ఏం మిగిలింది చెప్పు?"

కసురుకుంటే వాళ్లు మనసు కష్టపెట్టుకుంటారని ఆయన భయం. ఆయన ఏమీ అనలేదంటే సంతోషంగా ఉన్నట్టేనని వాళ్ల నమ్మకం. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉన్నవాళ్లతో వేగడం కంటే తగాదా పడేవాళ్లతో వేగడం నయం. తగాదాలవాళ్లు కనీసం ఎవరి గాలం వాళ్లు చూసుకుంటారు.

పాత చెక్కలు

ఇంటికెళ్లి కూడా అదే ఆలోచన. శిష్యులు లేకుండా ఆయన్ని ఒక్కరినే తీసుకెళ్లవచ్చు. కానీ ఆ క్లిప్పు తీసేదెవరు? నేను తీయాలంటే స్టీరింగ్ వదలాలి. స్టీరింగ్ వదిలితే చేపల ఫారాల మధ్య ఏం జరుగుతుందో నాకు తెలుసు.

అప్పుడు కో గారు మొదట తెచ్చిన పెద్ద చెక్కలు గుర్తొచ్చాయి. ఎక్కడో అడుగున పడి ఉన్నాయి. కట్టడానికి చాలాసేపు పడుతుంది, కస్టమర్లకి అంత ఓపిక ఉండదు, అందుకని పక్కన పెట్టేశాం. వాటి పద్ధతి వేరు. చెక్కకి తాడు కట్టి, ఆ తాడుని పడవ ముందరి గుంజకి కడతారు. గాలపు లైను చెక్కకి తగిలించరు, తాడు మీద జారే చిన్న క్లిప్పులో ఇరికిస్తారు. చేప గట్టిగా లాగితే లైను క్లిప్పులోంచి పుటుక్కున ఊడి వస్తుంది. ఆ తరవాత మనిషికి, చేపకి మధ్య చెక్క ఉండదు. ఎవరూ వంగి తీయాల్సింది ఏమీ లేదు. రీలు తిప్పడానికి ఒక్క చెయ్యి ఉంటే చాలు.

తీసి ఎండబెట్టి, తాడు మార్చి, క్లిప్పులకి నూనె పెట్టాను. కో చూసి, "ఫర్ వన్ మ్యాన్, సో మచ్ వర్క్ ఆ?" అన్నాడు. అన్నాడే కానీ తనే వచ్చి గుంజ బిగించి వెళ్లాడు.

ఒక బుధవారం, కుర్రాళ్లంతా ఆఫీసుల్లో ఉన్న వేళ, చలపతి గారిని రమ్మన్నాను. అరుణ గారు జెట్టీ దాకా వచ్చి దింపారు. మందుల డబ్బా, మంచినీళ్లు, టోపీ, ఇంకో టోపీ ఇచ్చారు. "అన్నయ్యగారూ, ఆయన చేత బలవంతంగా ఏమీ లాగించకండి. మీరే పక్కనుండి చూసుకోవాలి" అన్నారు.

"నేను చూసుకుంటానమ్మా" అన్నాను. చలపతి గారు నా వంక ఒక చూపు చూశారు. ఆ చూపుకి అర్థం ఏమిటో నాకు తెలుసు. అయినా ఆవిడతో ఇంకేం అనగలను?

స్టీరింగ్ ఎవరి దగ్గరుంది

పొద్దున్నంతా ఏమీ లేదు. రెండుసార్లు లైను క్లిప్పులోంచి ఊడింది. ఒకసారి నాచు, ఒకసారి ప్లాస్టిక్ సంచి. ఊడినప్పుడల్లా ఆయనే లైనుని చుట్టుకుని, నేను చూపించినట్టు క్లిప్పులో ఒక్క చేత్తో ఇరికించి మళ్లీ వదిలారు. ఒక్కొక్కసారి ఎంతసేపు పట్టిందో చెప్పను. నా చేతులు ఒకటే దురద. స్టీరింగ్‌ని పట్టుకుని కూర్చున్నాను.

ఫారాల చివర నీళ్లు రంగు మారే చోట తాడు మీది క్లిప్పులోంచి లైను మళ్లీ ఊడింది. ఈసారి కర్ర అలాగే వంగిపోయింది, రీలు గిర్రున తిరిగింది.

ఆయన లేచే లోపలే నేను లేచాను. ఇన్నేళ్లు అందరికీ నీతులు చెప్పినవాణ్ని, స్టీరింగ్ వదిలేసి రెండు అంగల్లో కర్ర దగ్గరికి పోయి చెయ్యి చాపాను. ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను. ఒళ్లు దానంతటదే పోయింది.

చలపతి గారు నా వైపు తిరగలేదు. కర్ర మీద ఎడమ చెయ్యి ఆనించి, కుడి చెయ్యి రీలు మీద వేసి, అచ్చం ఆఫీసులో అడిగినట్టు అడిగారు.

"సూరీ, స్టీరింగ్ ఎవరి దగ్గరుంది?"

పడవ అప్పటికే ఫారం తాళ్ల వైపు ముక్కు తిప్పుతోంది. తాడు వదులై పెద్ద చెక్క వెనక్కి జారుతోంది. సిగ్గుతో చచ్చిపోయి వెనక్కి పరుగెత్తాను, పడవని మళ్లీ దారిలో పెట్టాను. చెక్క మెల్లగా తన చోటికి పోయింది.

ఆయన లాగుతున్నారు. తప్పుగా లాగుతున్నారు. చేప పరుగు తీస్తున్నప్పుడు తిప్పుతారు, అది ఆగినప్పుడు ఈయన అలసి ఆగుతారు. చూసి చూసి ఆగలేకపోయాను.

"సార్, అది పోతుంటే వదలండి! ఇప్పుడు తిప్పండి! ఇప్పుడు సార్, ఇప్పుడు..."

"నోటితో కూడా లాగకు సూరీ."

నోరు మూసుకున్నాను. మూసుకుని పడవ నడిపాను. ముందుకి చూడాలి, ఫెర్రీలని చూడాలి, చెక్కని చూడాలి, ఆయన్ని మాత్రం చూడకూడదు. ఆయన ఆయాసం వినిపిస్తోంది. రీలు కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది. ఆయనకి ఏమైనా అయితే అరుణ గారికి ఏం చెప్పాలి అని ఒక భయం. చేప పోతే ఈయన మొహం ఎలా చూడాలి అని ఇంకో భయం. తుపాను గాలిలో కూడా ఇంత భయపడలేదు.

చాలాసేపటికి పడవ పక్కనే నీళ్లు చిందిన చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు రా. వల తీసుకురా. ఇది నాతో కాదు" అన్నారు.

ఇంజను న్యూట్రల్‌లో వేసి, చెక్క ఏమైతే అయిందని వల పట్టుకుని వెళ్లాను. పండుగప్ప. చెప్పుకోదగ్గంత పెద్దదేమీ కాదు, మార్కెట్‌లో అయితే బేరమాడకుండా దాటి పోయేంతది. వలలో వేసి పైకి తీశాను. ఆయన కూలబడి దాని వంక చూస్తూ ఉండిపోయారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. నాకూ కళ్లు చెమర్చాయి, ఎండ వల్ల అని చెప్పను.

పెద్ద చెక్క తాడు మాత్రం పడవ కిందికి పోయి చుట్టుకుంది. మళ్లీ తలకిందులుగా వేలాడి కోశాను. పడవ ఆపితే ఇంతే. ఆ రోజు మాత్రం ఎవర్నీ తిట్టుకోలేదు.

ఒడ్డుకి వచ్చాక ఆయన ఎడమ మోచేతికి సంచి తగిలించుకుని ఆ చేపని తనే మోసుకుంటూ వెళ్లారు. అరుణ గారు అందుకోబోతే ఇవ్వలేదు.

నేను రిటైరయ్యే ముందు శనివారం కిరణ్ ఫోన్ చేశాడు.

"అంకుల్, సార్ చేప పట్టిండంట గద! ఆంటీ చెప్పింది. ఎవరు లాగిన్రు అంకుల్?"

"సారే లాగారు."

"అది సరే అంకుల్. లాగింది ఎవరు?"

"సారేనయ్యా!"

"అంటే మీరు కొంచెం సాయం పట్టిన్రు గద?"

"నేను పడవ నడిపాను. కావాలంటే ఆయన్నే అడుగు" అన్నాను.

"సార్‌ని ఎట్ల అడుగుత అంకుల్" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.